అమ్మ ఇవ్వని మొహం

మా నాన్న డ్రాయింగు మాస్టారు. హైస్కూల్లో పిల్లలకు కూజా, గొడుగు, పూలకుండీ గీయడం నేర్పేవాడు. ఆ పనంటే ఆయనకు చీదర. ఆయన ప్రాణమంతా వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేయడం మీదే ఉండేది. ఇంట్లో అమ్మా నేనూ ఆయన బొమ్మలకు పనికొచ్చినంతసేపే ఆయనకు కనిపించేవాళ్ళం. కోపంతో అంటున్నాననుకుంటారేమో. కోపంతోనే అంటున్నాను.

అరవైలలో మేం తెనాలిలో అద్దెకుండేవాళ్ళం. ఆదివారం సాయంత్రాలు నన్ను స్టేషనుకు తీసుకెళ్ళేవాడు. రేపల్లె బండి ఆగే చోట ఒక సిమెంటు బెంచీ ఉండేది. దాని మీద కూర్చోబెట్టి, వచ్చేపోయేవాళ్ళను చూసి వాళ్ళ మనసులో ఏముందో చెప్పమనేవాడు. నేను మొహాలకేసి చూస్తుంటే మోచేత్తో పొడిచేవాడు.

“మొహం చూడమాక. అది ఆఖర్న చూడు. ముందు కాళ్ళెక్కడున్నాయి, చేతులేం చేస్తన్నాయి, వీపెట్టా ఉంది, అవి చూడు.”

“ఆ ఎర్రచీరావిడ మొగుడి మీద అలిగిందా లేదా?” అనేవాడు. నాకేం తెలుస్తుంది. “సంచీ చూడవే మొద్దూ. పక్కన పెట్టుకోవాల్సిన సంచీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఇంకేం కావాలి నీకు?” బండి వచ్చినప్పుడు చూస్తే, ఆవిడ మొగుడు అందించిన చెయ్యి పట్టుకోకుండానే రైలుపెట్టె ఎక్కింది.

ఇంటికొచ్చాక అద్దం ముందు పరీక్ష. చూసిన ప్రతి మనిషిలా నేను నిలబడి చూపించాలి. నువ్వు నిలబడకుండా గీస్తే నీ బొమ్మ కూడా నిలబడదనేవాడు. ఆయన కూడా చేసి చూపించేవాడు. హెడ్మాస్టరు ఇన్‌స్పెక్టరు ముందు నవ్వే నవ్వూ, ఇంటి ఓనరు గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసే తీరూ చేస్తే నేను పొట్ట పట్టుకుని పడి నవ్వేదాన్ని. ఆ విద్య ఆయనకు వచ్చినంతగా మరెవరికీ రావడం నేను చూడలేదు. అందుకే మరీ ఒళ్ళు మండుతుంది.

ఒక ఆదివారం గసపోసుకుంటూ పరుగెత్తుకొచ్చిన ముసలాయన ఒకాయన “రేపల్లె బండి ఉందా బాబూ?” అని మా బెంచీ దగ్గర అడిగాడు. బండి ఇంకా రానేలేదు. “ఇప్పుడే పోయింది తాతా” అన్నాడు నాన్న. ముసలాయన చంకలోని మూట జారిపోయింది. అట్లాగే నేల మీద చతికిలబడి, పట్టాల వంక చూస్తూ పెదాలు కదిపాడు. నాన్న జేబులోంచి పెన్సిలు తీసి గబగబా గీసుకుని, అయ్యాక “రాలేదులే తాతా, ఊరికే అన్నా” అన్నాడు. ముసలాయన తిట్టను కూడా తిట్టలేదు. కళ్ళొత్తుకుని నవ్వాడు. “ఆ నవ్వు కూడా పట్టుకోవాల్సింది” అని దారంతా నొచ్చుకున్నాడు నాన్న.

అప్పట్లోనే ఆయన బొమ్మలు కట్టగా చుట్టుకుని బెజవాడ వెళ్ళి, ఒక పత్రికాఫీసులో చూపించి వచ్చాడు. అక్కడి పెద్దమనిషి అన్నీ తిరగేసి, “మగవాళ్ళు బాగున్నారండి మాస్టారూ. మీ ఆడవాళ్ళే, ఉల్లిపాయలు తరుగుతా ఏడుస్తన్నట్టున్నారు. ఒక్క నిజమైన ఏడుపు పట్టుకురండి, చూద్దాం” అన్నాడట. ఆ మాట మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని చెబుతూ, చెబుతూ ఆగి, వడ్డిస్తున్న అమ్మ వంక చూశాడు. ఆ రోజు నుంచీ అమ్మ మొహం అమ్మది కాకుండా పోయింది.

అమ్మది రేపల్లె. పెద్ద కళ్ళు. మనసులో ఏ మాట మెదిలినా మొహంలోకి వచ్చేసేది. నవ్వితే ఇరుగింటికి వినిపించేది. అటువంటి మనిషిని ఆయన రోజూ గిల్లడం మొదలుపెట్టాడు. మొదట కూరల మీద. తర్వాత పుట్టింటి మీద. ఒక రోజు, తండ్రి లేని పిల్లని కట్టబెట్టి మీ అమ్మ చేతులు దులుపుకుందనీ, నిన్ను వదిలించుకోవడానికే ఇంత తొందరగా పెళ్ళి చేసిందనీ అన్నాడు. అమ్మ కళ్ళు నిండాయి. కింది పెదవి వణికింది.

“కదలమాక. అట్టానే ఉండు” అన్నాడు నాన్న. తొడ కింద దాచుకున్న పెన్సిలూ, కాగితం పెట్టిన అట్టా బయటికి వచ్చాయి.

అమ్మకు అప్పుడర్థమైంది. ఆయనకు కోపం రాలేదు. పుట్టింటి మీద పగా లేదు. ఆ మాటలన్నీ బొమ్మ కోసం. నిజంగా తిట్టినా అంత బాధపడేది కాదేమో. పమిటతో మొహం తుడుచుకుంది. పమిట తీసేసరికి ఆ మొహంలో ఏమీ లేదు. కోపం లేదు, ఏడుపు లేదు, గోడ ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. “గిన్నెలు తోమాలి” అని లేచిపోయింది. ఆయన ఖాళీ కాగితం వంక చూసుకుని పళ్ళు నూరాడు.

అక్కడి నుంచి ఇద్దరికీ పంతం పడింది. పంతమని నేనంటున్నాను గానీ, అమ్మకది బతకడం. మొగుడి దగ్గర ఆమె ఏమీ దాచుకోలేని ఇంట్లో ఈ ఒక్కటి దాచుకుంది. ఆయన ఎంత గిల్లినా ఏడవదు. ఏడవకపోవడమంటే నవ్వకపోవడం కూడా అని తర్వాత తెలిసింది, ఎందుకంటే మొహానికి తలుపు ఒక్కటే. నవ్వు కూడా పోయింది. పక్కింటివాళ్ళు అమ్మకు ఒంట్లో బాగాలేదా అని నన్నడిగేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం నాన్న బడి నుంచి తొందరగా వచ్చి, గుమ్మంలోనే చెప్పులతో నిలబడి, “రేపల్లె నుంచి కబురొచ్చింది. మీ తమ్ముడు కాలవలో పడ్డాడంట” అన్నాడు. అమ్మ చేతిలో చేట ఉంది. బియ్యం చెల్లాచెదురయ్యాయి. మోకాళ్ళు మడిచి కాదు, నిలువునా కూలిపోయింది. నాన్న ఆమె మోకాళ్ళ వంకా, నేలకానిన అరచేతుల వంకా చూస్తున్నాడు. నేను గట్టిగా ఏడ్చేశాను. కాసేపటికి, “ఏం లేదులే, లే. వాడు బాగానే ఉన్నాడు” అన్నాడు. అమ్మ లేచి, ఒక్కొక్క గింజా ఏరి చేటలో వేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పట్టించుకున్నట్టూ లేదు.

అమ్మ ఏడవాలంటే ఇక నూతి దగ్గరే. ఆ వరసలోని నాలుగిళ్ళకూ కలిపి పెరట్లో ఒక నుయ్యి. నీళ్ళు తోడుతూ, ఇంటికి వీపు పెట్టి, చేద చప్పుడులో ఏడ్చుకునేది. ఆయన కనిపెట్టేశాడు. వంటింటి కిటికీ చువ్వల వెనక నన్ను పక్కన నిలబెట్టుకుని, “చూడవే, ఆ వీపు ఎట్టా ఏడుస్తందో చూడు. ఎడమ భుజం చూడు. తాడు పట్టుకుంది గానీ లాగట్లేదు” అన్నాడు. నిజమే. తాడు చేతిలో ఉంది, చేద నీళ్ళలోనే ఉంది.

ఆ బొమ్మ బెజవాడ పత్రికలో అచ్చయింది. నూతి గట్టు, ఒక ఆడమనిషి వీపు, వదులైన జడ, చేతిలో కదలని తాడు. మొహం ఎక్కడా లేదు. చూసినవాళ్ళ గుండె పట్టేసేది. నాన్న ఆ వారపత్రిక చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు.

మా నూతి దగ్గరి ఆడవాళ్ళు జడను బట్టి పోల్చుకున్నారు. “ఏమ్మా వదినా, పేపర్లోకెక్కావంటగా! ఎందుకేడ్చావేంటి, అన్నయ్యగారు కొట్టారా?” అని ఒకావిడ అడిగింది. అమ్మ చేద దించి, నిండుబిందె ఎత్తుకుని, వెన్ను నిటారుగా పెట్టి నడిచి వచ్చేసింది. ఆ తర్వాత ఆమె వీపులో కూడా ఏమీ కనిపించలేదు.

తర్వాత నాన్నకు బాపట్ల బదిలీ అయింది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున టెలిగ్రాం వచ్చింది. అమ్మమ్మ పోయింది. నాన్న చదివి చెబితే అమ్మ మొదట ఆయన చేతుల వంక చూసింది. తర్వాత టెలిగ్రాం తీసుకెళ్ళి ఎదురింటి ప్లీడరుగారి చేత మళ్ళీ చదివించుకుంది. అప్పుడు నమ్మి, పొయ్యి ఆర్పి, చీర మార్చుకుంది.

బాపట్ల నుంచి తెనాలి, అక్కడ దిగి రేపల్లె బండి. తెనాలిలో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. అమ్మకు ఎదురుగా కూర్చుని నాన్న ఆమెనే చూస్తున్నాడు. పక్కకు తిరిగితే ఆయనా పక్కకు జరిగాడు. ఇంకో బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంటే, కాస్త ఆగి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఒకరు తల్లిని పోగొట్టుకున్న మనిషి, ఇంకొకరు ఆ మొహం పగిలేదాకా కాచుక్కూర్చున్న మనిషి. ఈ దృశ్యాన్ని నేను ఎప్పుడు తలుచుకున్నా నా పళ్ళు బిగుసుకుపోతాయి.

మా వైపు శవం దగ్గరకు కొత్తగా ఒక కూతురో చెల్లెలో వచ్చిందంటే, అప్పటిదాకా ఏడ్చి సొమ్మసిల్లినవాళ్ళు కూడా లేచి ఆమెను వాటేసుకుని మళ్ళీ మొదటినుంచీ ఏడుస్తారు. పోయినవాళ్ళను పిలుస్తూ, వాళ్ళు చేసినవన్నీ చెబుతూ ఏడవాలి. వచ్చిన మనిషి గొంతు కలపకపోతే తప్పు. అమ్మ గుమ్మం దాటగానే పిన్ని “అక్కా, అమ్మ మనల్ని వదిలేసి పోయిందే” అంటూ మీద పడింది. అమ్మ పిన్నిని పట్టుకుంది. తల పక్కకు తిప్పి చూసింది. వసారాలో స్తంభానికి ఆనుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని నాన్న కూర్చుని ఉన్నాడు.

అమ్మ ఏడవలేదు. అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆ పాదాలు రెండు చేతులతో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. పిన్నమ్మమ్మ ఒకావిడ అందరికీ వినబడేట్టు, “కన్నతల్లి పోతే కంట తడి లేదు. బండరాయమ్మా ఇది. దీన్ని కన్నందుకు మా అక్క ఏం సుఖపడిందీ!” అంది.

“నాన్న బొమ్మ వేస్తున్నాడని ఏడవట్లేదు” అన్నాను నేను. పెద్దవాళ్ళ మధ్య నీకేంటి మాటలని ఎవరో నన్ను చెయ్యి పట్టి అవతలకు లాగేశారు. ఒక్క మాట నాన్న చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన చెప్పలేదు. తిరుగు బండిలో నా చెవిలో, “మీ అమ్మ మొత్తం పాడుచేసింది” అన్నాడు. రేపల్లెలో అమ్మకు బండరాయి అన్న పేరు ఉండిపోయింది. పిన్ని తన కొడుకు పెళ్ళికి కూడా మొక్కుబడిగానే పిలిచింది.

అంతా చూసి కూడా నేను ఆ పెన్సిలే పట్టుకున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసై డెబ్బైలలో బాపట్లలోనే ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. కథలకు బొమ్మలు కూడా వేసేదాన్ని. ఇంట్లోవాళ్ళ బొమ్మ ఒక్కటీ వేయలేదు, వేయనని ఒట్టు పెట్టుకున్నాను. అయినా నేను వంటింట్లోకి వెళితే అమ్మ పొయ్యి వైపు తిరిగి మాట్లాడేది. పొగ వల్ల అనుకునేదాన్ని.

నాన్న ఒక వేసవిలో, బడి సెలవుల్లో, గుండె ఆగి పోయాడు. బోర్డు మీద సగం వేసిన బొమ్మ అట్లాగే ఉంది. ఆడవాళ్ళందరూ వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు. పిన్ని వచ్చింది. రేపల్లెలో ఆ మాటన్న పిన్నమ్మమ్మ కూడా వచ్చి కూర్చుని, అమ్మ మొహంలోకే చూస్తోంది. “ఏడవ్వే తల్లీ. కట్టుకున్నోడు పోతే కూడా ఏడవకపోతే ఎట్టాగే? ఏడిస్తే గుండె బరువు తగ్గుద్ది” అని వీపు నిమురుతున్నారు.

అమ్మ తలెత్తి మా ఇంటి వసారా స్తంభం వంక చూసింది. గుమ్మం వంక చూసింది. తర్వాత అందరినీ ఒక్కొక్కరినే చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది.

“నువ్వు కాసేపు వాకిట్లోకి వెళ్ళమ్మా” అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నా రెండు చేతులూ చాపి చూపించాను. “నా చేతుల్లో ఏం లేదమ్మా” అన్నాను.

“చేతుల్లో ఎందుకు తల్లీ, నీకు చూస్తే చాలదూ” అంది అమ్మ. కోపంగా అనలేదు. బతిమాలినట్టే అంది. “వెళ్ళు. నువ్వు వెళితే ఏడుస్తాను.”

నేను లేచి వాకిట్లోకి వెళ్ళి, ఇంటికి వీపు పెట్టి నిలబడ్డాను. వెనక ఎవరో తలుపు దగ్గరగా వేశారు. తర్వాత అమ్మ గొంతు లేచింది. పుట్టి బుద్ధెరిగాక నేను మొదటిసారి విన్న అమ్మ ఏడుపు. ఆమె నాన్నను పిలవలేదు. “అమ్మా, నీ కాళ్ళ కాడ కూచుని కూడా నీ కోసం ఏడవలేకపోయానే, అమ్మా” అంటూ ఏడుస్తోంది.

నేను వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పనే లేకపోయింది. ఆ గొంతు వింటుంటేనే కనుబొమలు ఎక్కడ కలిసి ఉంటాయో, కింది పెదవి ఏ వైపుకి లాగి ఉంటుందో, వేళ్ళు నేల మీద ఎట్లా ముడుచుకుని ఉంటాయో అంతా తెలిసిపోతోంది. ఏ గీత ఎక్కడ పడాలో కూడా తెలుస్తోంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇంకా బాగా కనిపించింది.