ఎదురింటి ఆవు నోట్లో నెమరు

ఆ రోజుల్లో నాకు తెలిసిన సైన్సు ప్రకారం క్రిమికి ఉన్నది ఒకటే పని, జబ్బు తేవడం. మనకున్నదీ ఒకటే పని, దాన్ని చంపడం. మొన్న మా మనవరాలు పాండా గురించి చదివి వినిపించింది. అది మాంసం తినే జాతి పొట్టతో పుట్టి వెదురు తిని బతుకుతుందట. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ వెదురును కాస్తంత పులియబెట్టి పెడతాయట, అయినా తిన్నదాంట్లో ఐదో వంతు కూడా అరగదట (అందుకే రోజంతా తింటూనే ఉంటుంది). ఆవు నయం, పులియబెట్టడానికి దాని కడుపులో పెద్ద కాగే ఉంది. పదహారేళ్ల వయసులో అలాంటి కాగు ఒకదాన్ని చల్లార్చిన మనిషిని కనుక, నేను పుస్తకం మూయించి ఈ సంగతి చెప్పాను.

మాది గజపతినగరం పక్క పల్లె. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆ వేసవిలో గడ్డి అయిపోతే నాన్న వెదురాకు కోసుకొచ్చి ఆవుకు వేశాడు. మేత మారేసరికి పేడ పలచబడింది. క్రిములని తేల్చేశాను. జ్వరానికి నాన్న వేసుకున్న యాంటీబయాటిక్ క్యాప్సూళ్లే మందుల దుకాణంలో మళ్లీ కొన్నాను. నాన్న యాభై ఐదు కిలోలు, ఆవు సుమారు రెండు వందల డెబ్బై ఐదు. అంటే ఐదు రెట్లు. పూటకు ఐదు చొప్పున మూడు పూటలు, మొత్తం పదిహేను, బెల్లంలో పెట్టి తినిపించాను. మే పద్నాలుగో తారీఖు, మంగళవారం. గురువారానికి ఆవు మేత ముట్టలేదు, నెమరు వేయలేదు, చెవులు వేలాడేసింది. ఇంటికి ఉన్న పాడి అదొక్కటే.

"ఒసే, ఏటెట్టినావే దానికి?" అంది నాయనమ్మ.

"మందు. లెక్క పెకారమే ఎట్టినాను."

"నీ లెక్క తగలెయ్యా! పొట్ట సల్లబడిపోనాది. పాలకి తోడెట్టినట్టు, ఇంకో ఆవు నోట్లో నెమరు తెచ్చి దీనికెట్టాల. సెడగొట్టినదానివి నువ్వే, నువ్వే తే."

ఎదురింటి అత్త ముందు ఒప్పుకోలేదు. "ఒలమ్మో! నా ఆవు నెమరు అట్టుకుపోతే అదేటి నెమరేస్తాది?" చివరికి షరతు పెట్టింది. "రేపట్నించి ఎనిమిది రోజులు పొద్దున్నే వచ్చి, ఎన్నిసార్లు నమిల్తందో లెక్కెట్టి సెప్పాల. తగ్గినాదా, మీ ఆవు నా సాలలో కట్టేస్తాను, సూడు!"

వాళ్ల పశువుల సాలలో కూర్చుని ముందుగా లెక్క చూసుకున్నాను. ముద్దకు యాభై నములుళ్లు, మింగుడు, నాలుగు క్షణాల విరామం, మళ్లీ ముద్ద. "పళ్లు లేని పక్క సందులోంచి సెయ్యెట్టే! పెళ్లికొడుకుని సూసినట్టు సూస్తావేటి?" అని వెనక నుంచి నాయనమ్మ. మొదటి ముద్దకు భయపడ్డాను, రెండోది ఆవు మింగేసింది, మూడోది చేతికి వచ్చింది: గోరువెచ్చగా, పుల్లటి వాసనతో. ఆ ఆవు నా మొహాన్ని గడ్డం నుంచి నుదుటి దాకా ఒక్కసారిగా నాకేసింది (అత్త నవ్వడం అప్పుడే చూశాను). ముద్దను నీళ్లలో కలిపి వెదురు గొట్టంతో మా ఆవు గొంతులో పోశాం. మర్నాడు మరో రెండుసార్లు.

శనివారం సాయంత్రం నాలుగూ నలభైకి మా ఆవు మెడలో ఒక ఉండ పైకి పాకింది. దవడ కదిలింది. ముప్పై ఒకటి లెక్కపెట్టాను, ఆపైన కళ్లు మసకబారి లెక్క తప్పింది.

అత్త షరతు మాత్రం అలాగే ఉంది. రోజూ పొద్దున్నే ఆమె పక్కన పీట మీద కూర్చుని లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాశాను: యాభై ఒకటి, నలభై తొమ్మిది, యాభై రెండు. నమిలే ఆవును అంతసేపు చూడడం అంతకుముందు నేనెప్పుడూ చేయలేదు. ఎనిమిదో రోజున అత్త, "సాల్లేవే, నా ఆవుకేటీ అవలేదు. రేపట్నించి రాకు," అంది.

మర్నాడు, ఇరవై ఐదో తారీఖున కూడా వెళ్లాను. అత్త పీట కాస్త ఇటు జరిపింది. ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ రోజు తారీఖు వేసి ఉంది, పక్కన అంకె లేదు.