మూడో అంతస్తు టబ్బు

ఆ వీధిలో ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అంటారు. స్నానాలగది నేల వేశాక చెంబుడు నీళ్లు ఒలకబోసి, ఆఖరి చుక్క జాలీలోకి జారేదాకా అక్కణ్ణించి కదలడు. పనిలో అంత నిక్కచ్చి మనిషి గనక ఆయన మాటకీ తిరుగులేదు.

నిరుడు మూడో అంతస్తు టీచరమ్మగారు పాత స్నానాలగదిని బాగుచేయించారు. "మోకాళ్లు సలిపేస్తున్నాయి మేస్త్రీ, వేణ్ణీళ్లలో కూర్చునేలా టబ్బు పెట్టు," అన్నారు.

లిఫ్టు లేని ఆ ఇరుకు మెట్లు తలుచుకోగానే మేస్త్రికి నడుము పట్టేసినంత పనైంది. "ఈ వయసులో టబ్బేంటమ్మా? కాలు జారితే లేపేదెవరు? హాయిగా షవరు పెట్టించుకోండి," అని కొట్టిపారేశాడు. జారడం గురించి ఆయనకు బెంగేమీ లేదు, బెంగంతా మెట్ల గురించే. ఆవిడ మాత్రం నమ్మేశారు.

మొన్న కుళాయి కారుతోందంటే వెళ్లాడు. షవరు కింద స్టూలు వేసుకుని, బకెట్టులో కాళ్లు పెట్టుకుని, ఆవిడ మోకాళ్ల మీద మగ్గుతో వేణ్ణీళ్లు పోసుకుంటున్నారు. మేస్త్రికి ప్రాణం చివుక్కుమంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"మా చెల్లెలు కూడా టబ్బు అంటూ కూర్చుంది," అన్నారావిడ. "మా మేస్త్రి మన మంచికే చెప్తాడే అని నాలుగు చీవాట్లు పెట్టి మాన్పించా."

"వాళ్లది ఎన్నో అంతస్తమ్మా?"

"కిందే నాయనా. ఒక్క మెట్టు కూడా ఎక్కక్కర్లేదు."

మేస్త్రి తల వంచుకుని, ఎప్పుడో బిగిసిపోయిన కుళాయిని ఇంకా బిగిస్తూనే ఉన్నాడు.