తువ్వాలు కట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు మా ఊరు నగరిలో క్లచ్ లేని కారు మా తాత ఒక్కడికే ఉండేది. పసితనంలో జబ్బు చేసి ఆయన ఎడమ కాలు సన్నబడిపోయింది. చంకలో కర్ర, పక్కన మనిషి లేనిదే వీధి దాటలేకపోయేవాడు. చీరల వ్యాపారం కాస్త నిలదొక్కుకున్నాక, మద్రాసులో ఎవరో వద్దనుకున్న పాత విదేశీ కారు కొన్నాడు. దాంట్లో గేర్లు వాటంతట అవే మారేవి. నడపడానికి కుడి కాలు ఒక్కటి చాలు. ఆ కారు వచ్చాక ఆయన మళ్లీ ఎవరినీ తోడు రమ్మని అడగలేదని మా అవ్వ గర్వంగా చెప్పేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా అవ్వ మిద్దె మెట్ల మీద జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకుంది. పుత్తూరులో కట్టు కట్టారు. వారానికోసారి వెళ్లి మార్పించుకోవాలి. సరిగ్గా అప్పుడే కారుకూ రోగం వచ్చింది. గేరు మారినప్పుడల్లా వెనకనుంచి ఎవరో తన్నినట్టు కుదిపేసేది. మెకానిక్ వచ్చి చూసి, గేరుపెట్టె అరిగిపోయిందనీ, సామాన్లు ఎక్కడా దొరకవనీ, పాత ఇనుము కింద అమ్ముకోవడమే మేలనీ చెప్పాడు. వాకిట్లో కూర్చున్న అవ్వ ఆ మాట వింది.

ఆ వారం పుత్తూరు పోయేటప్పుడు వెనక సీట్లో అవ్వ పక్కన నేను కూర్చున్నాను. కారు కుదిపినప్పుడల్లా తాత వెనక్కి తిరిగి నొప్పిగా ఉందా అని అడిగేవాడు.

"బాగుండాదయ్యా. నువ్వు పోనీ" అనేది అవ్వ. అంటూనే ఎడమ చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకునేది.

పుత్తూరులో దిగేటప్పుడు తాత నా చేతి మీద గోళ్ల గాట్లు చూశాడు. ఏమిటని అడిగాడు. చెప్పొద్దని అవ్వ కళ్లతోనే బతిమాలింది. నాకు ఏడుపొచ్చి, ఉన్నది చెప్పేశాను. తిరుగు దారిలో తాత ఎడ్లబండి కన్నా నిదానంగా నడిపాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన కారు మూత ఎత్తి, స్టూలు వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాక నన్ను పిలిచి, ఇంజను పక్కనుంచి కిందికి పోతున్న సన్నటి కడ్డీని చూపించాడు.

"నా కాలు ఎంత నొక్కతా ఉండాదో ఈ కడ్డీ పోయి గేరుపెట్టెకు చెప్పాల పాపా. ఆ మధ్య షెడ్డులో ఇంజనుకు పెట్రోలు పంపే కార్బురేటర్ ఊడదీసి కడిగి బిగించినారు చూడు, ఆ పొద్దుటి నుంచి ఇది తప్పు చెప్తా ఉండాది. నేను మెల్లిగా నొక్కినా, గట్టిగా నొక్కినానని చెప్తాది. అందుకే అది తంతా ఉండాది."

కడ్డీ కొసన మరలు ఉన్నాయి. నట్టు వదులు చేసి ఒక చుట్టు తిప్పి, మళ్లీ బిగించాడు. తర్వాత తన భుజం మీది తువ్వాలు తీసి నా కుడి చేతిని గుండెకు ఆనించి కట్టేశాడు. అవ్వకు ఎట్లుంటుందో చూసి చెప్పమని, అవ్వ కూర్చునే చోటే కూర్చోమన్నాడు.

ఊరు దాటాక గేరు మారింది. కుదుపుకి నా భుజం వెళ్లి తలుపుకి కొట్టుకుంది. పట్టుకోవడానికి ఆ వైపు చెయ్యి లేదు. అవ్వ దారి పొడుగునా పడింది ఇదా అనుకున్నాను. తాత ఎట్లుందని అడిగితే మాత్రం, ఆయన మొహం చూసి, "బాగుండాది తాతా" అన్నాను.

ఆయన కారు పక్కకు తీసి ఆపాడు.

"మీ అవ్వ మాదిరి చెప్పొద్దు పాపా. నువ్వు బాగుండాదంటే నేను కడ్డీ తిప్పేది ఈడనే ఆపేస్తాను. నొప్పి మాత్రం ఆడనే ఉంటాది."

అప్పుడు నిజం చెప్పాను. ఆయన దిగి మూత ఎత్తాడు. అలా ఎన్నిసార్లు దిగాడో, ఆ కాలితో ఎన్నిసార్లు ఎక్కాడో లెక్క లేదు. ఒకసారి మరీ ఎక్కువ తిప్పేసరికి కుదుపు పోయింది కానీ ఇంజను ఊరికే అరుస్తూ కారు కదలనని మొరాయించింది. ఇట్లయితే లోపల కాలిపోతాదని అర చుట్టు వెనక్కి తిప్పాడు. ఆఖరున గేరు ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. ఆ మాటే చెప్పాను. తాత స్టీరింగు మీద తల ఆనించాడు.

తర్వాతి వారం పుత్తూరు దారిలో సగం దూరం పోయాక అవ్వ నా చెయ్యి వదిలేసింది. ముందుకు వంగి, బాగైందా అని అడిగింది.

"అయింది. నొప్పని ముందే చెప్పింటే ఏమే?" అన్నాడు తాత.

"చెప్తే నువ్వు దీన్ని అమ్మేస్తావు. మళ్లీ కర్ర పట్టుకొని, ఎవురొస్తారా అని వాకిట్లో కాచుకొని కూర్చుంటావు. నా భుజందేముంది, నెలకు అతుక్కుంటాది."

తాత భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తిరుపతిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మెట్లెక్కేటప్పుడు అది నా జబ్బ పట్టుకుని, నొప్పిగా ఉందా అమ్మా అంటుంది. ఏమీ లేదనే మాట నోటి దాకా వచ్చేస్తుంది. అక్కడే ఒక్క క్షణం ఆగి, ఏ మోకాలో, ఎంత నొప్పో ఉన్నదున్నట్టు చెబుతాను. అది తన అడుగు చిన్నది చేసుకుంటుంది. ఇద్దరం కలిసి ఎక్కుతాం.