యాంగ్ ఆంటీ వదిలేసి వచ్చిన పిల్ల

యాంగ్ ఆంటీ కన్నకూతుర్ని మంగోలియాలో వదిలేసి వచ్చిందని కాంప్సీలో మావాళ్లు చెప్పుకునేవారు. కాంప్సీ అంటే సిడ్నీలో కొరియా వాళ్ల దుకాణాలు ఎక్కువగా ఉండే పేట. స్టేషను పక్క ఫ్లాట్లలో తెలుగు కుటుంబాలు కూడా ఓ పది ఉండేవి. 1999లో ఒక ఆదివారం, పార్కులో అందరూ మాంసం కాల్చుకునే బార్బీ పొయ్యి దగ్గర జయశ్రీ ఆంటీ మా వదినతో అంది:

"మీ అఫీఫాను పనికి పంపుతున్నది ఆ కొరియావిడ దగ్గరికేనా? జాగ్రత్త ఫరహ్. కడుపున పుట్టినదాన్నే ఆ మంచుదేశంలో పారేసి వచ్చిందట."

"పారేయడానికి అదేమన్నా పాత జాకెట్టా ఆంటీ," అని మా వదిన నవ్వేసింది. "మా అఫీఫా నోరు తెరవదు, ఆవిడకి ఇంగ్లీష్ రాదు. ఇద్దరికీ పర్ఫెక్ట్‌గా సరిపోతుంది."

నేను కాగితం పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్నాను. నేను మాట్లాడను కాబట్టి నా ముందు అందరూ అన్నీ మాట్లాడేవారు.

మా అబ్బా పోయేనాటికి నేను తొమ్మిదో తరగతి. చదువు అక్కడితో ఆగింది. మా అన్న ఉబైద్ భాయ్‌కి సిడ్నీలో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పని దొరికింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పు లెక్కపెడతాయని అప్పుడు అందరికీ భయం, దాన్నే వై టూ కే అనేవారు. ఆ తేదీలు సరిచూసే పని. నన్నూ తనతో తెచ్చుకున్నాడు. నాకు కుట్టు వచ్చు. అలా యాంగ్ ఆంటీ షాపులో చేరాను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఇస్త్రీ.

ఆమెకి యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. మెడలో ఎప్పుడూ టేపు. మా ఇద్దరికీ ముక్కలు ముక్కల ఇంగ్లీషే. మా షాపు పై ఫ్లాట్లో ఇద్దరు మంగోలియా అమ్మాయిలు ఉండి చదువుకునేవారు. వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడేటప్పుడు మాత్రం ఆంటీ గొంతు గలగలమనేది. వాళ్ల కోసం మాంసం పెట్టి ఆవిరి మీద ఉడికించిన కుడుములు చేసేది. వాళ్లలో ఒకమ్మాయి సెలవులకు ఇంటికి బయలుదేరిన పొద్దున ఆంటీ గిన్నెలో పాలు తెచ్చి, టాక్సీ కదలగానే దాని వెనక గరిటెతో రోడ్డు మీద చల్లింది. ఎదురు షాపు కొరియావిడ చూసి ఏదో అంది. ఏమందని అడిగాను.

"నేను కొరియా మనిషిని కాదు, గొర్రెలు కాసుకునేదాన్నట," అంది ఆంటీ. "నిజమే. ఆరేళ్లు గొర్రెమాంసమే తిన్నాను."

ఆంటీ, ఆమె భర్త 1992లో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ వెళ్లి కొరియా భోజనం క్యాంటీన్ పెట్టారు. అక్కడ వాళ్లవాళ్లు ఎంతమందని అడిగితే వేళ్లు చూపించి నవ్వింది. వీధికి ఒక్క ఇల్లు, చుట్టూ అంతా మంగోలియా వాళ్లు. భర్త అక్కడే గుండెపోటుతో పోయాడు. తర్వాత కొరియా నుంచి సరుకు రావడం ఆగిపోయి, 1998లో క్యాంటీన్ మూసేసింది. సిడ్నీలో ఉన్న తమ్ముడు రమ్మన్నాడు.

కుట్టుమిషను మీద ఒక ఫొటో అంటించి ఉండేది. బొచ్చుటోపీ, చలికి కందిన బుగ్గలు. "ఒయూన్. నా కూతురు," అనేది ఆంటీ. ఏడాదిలో పిలిపించుకుంటానని మాటిచ్చి, ఆ పిల్లను అమ్మమ్మ దగ్గర ఉంచి వచ్చింది. ఆ రోజు ఒయూన్ కూడా కారు వెనక పాలు చల్లిందట. దారి తెల్లగా ఉంటే మనసులో మాట నెరవేరుతుందని వాళ్ల నమ్మకం.

పిల్లను పిలిపించుకోవాలంటే ముందు ఆంటీకి ఇక్కడ స్థిరంగా ఉండే అనుమతి రావాలి. ఆ ఉత్తరం 2000 ఫిబ్రవరిలో వచ్చింది. నాకు చూపించి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో పెట్టేసింది. మొహంలో సంతోషం లేదు.

"పద్దెనిమిది నిండకముందే కాగితాలు పెట్టాలట," అంది. "మొన్న వాళ్ల కొత్త సంవత్సరానికి ఫోన్ చేశాను. ఒయూన్‌కి పందొమ్మిది వచ్చాయని అమ్మమ్మ చెప్పింది. అయిపోయింది."

ఎవరినీ అడగలేదు. తమ్ముడికి చెబితే, ముందే ఎందుకు చూసుకోలేదంటాడని భయం.

మార్చిలో ఒయూన్ నుంచి కవరు వచ్చింది. బజారులో దుకాణంలో పనిచేసి పాస్‌పోర్టు చేయించుకుందట, దాని కాపీ పంపింది. ఆంటీ ఉత్తరం చదివింది గానీ, ఆ కాపీ విప్పి కూడా చూడలేదు. "ఈ పిల్లకి ఎలా చెప్పను," అని కవరు నా చేతికిచ్చి, చిరునామా చూసి పార్సెలు మీద రాయమంది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాదే.

చిరునామా రాస్తూ కాపీ చూశాను. పుట్టిన తేదీ 1982 ఆగస్టు 19. వేళ్ల మీద లెక్కపెట్టాను. పదిహేడు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే.

ఆంటీ అవతల ఇస్త్రీ చేస్తోంది. అడగాలని గొంతుదాకా వచ్చింది. కానీ కన్నతల్లికి బిడ్డ వయసు తెలియదా? ఆ పాస్‌పోర్టులోనే తప్పు పడి ఉంటుంది. మా ఊళ్లో బడిలో వేసిన తేదీ ఒకటి, పుట్టింది ఒకనాడు. తొమ్మిదో తరగతి చదివిన నేను ఆమెకి చెప్పేదేమిటి అనుకుని కాపీని డబ్బాలో, బొత్తాల అట్టల కింద పెట్టాను.

వేసవి పోయింది, జూన్‌లో ఇక్కడి చలికాలం వచ్చింది. ఆంటీ పార్సెళ్లు పంపుతూనే ఉంది. ఊలు మేజోళ్లు, తనే కుట్టిన కోటు. ఆ కోటుకి లోపల మడత ఎక్కువ వదిలింది, ఒయూన్ ఇంకా పెరిగితే విప్పుకోవచ్చని.

సెప్టెంబరులో ఊరంతా ఒలింపిక్స్ గోలలో ఉంది. ఒక సాయంత్రం అన్నం తింటూ వదిన అన్నను ఆటపట్టిస్తోంది.

"ఆకాశం విరిగి పడుతుందన్నారు. ఏమైంది మీ వై టూ కే?"

"పడకుండా పట్టుకున్నది మేమే," అన్నాడు భాయ్. "మిషన్‌కి సొంత తెలివి ఉండదు ఫరహ్. ఎక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టమంటే అక్కణ్ణుంచే పెడుతుంది."

అప్పుడు చెప్పాను, ఒయూన్ సంగతి మొత్తం. నేను అంతసేపు మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు. భాయ్ తినడం ఆపేశాడు.

"కొరియా వాళ్లు పుట్టగానే ఒక ఏడు వేస్తారు, కొత్త సంవత్సరం రాగానే ఇంకోటి. మా ఆఫీసులో కొరియా అతను చెప్పాడు. ఆ పిల్లకి మొన్న ఆగస్టు దాకా టైముండేది అఫీఫా. ఆ ఉత్తరం వచ్చాక కూడా ఆరు నెలలుండేది."

మర్నాడు డబ్బా తీసి కాపీ ఆంటీ ముందు పెట్టాను. తేదీ మీద వేలు ఉంచాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. ఆ లెక్క ఆమెకి తెలియనిది కాదు. ఆఫీసు కాగితాలకి ఆ ఎక్కువ ఏళ్లు తీసి చెప్పాలనీ తెలుసు. కానీ అలా లెక్కపెట్టేది తమవాళ్లొక్కరే అనుకుంది. మంగోలియాలో ముసలివాళ్లూ అలాగే చెబుతారని, ఆరేళ్లు వాళ్ల మధ్య ఉన్నా, ఆమెకి తట్టలేదు. అమ్మమ్మ చెప్పిన పందొమ్మిది నిజం పందొమ్మిదే అనుకుంది.

"ఎప్పుడు చూశావు?"

"మార్చిలో."

"ఎందుకు చెప్పలేదు?"

"తల్లివి కదా ఆంటీ. నీకు తెలుసనుకున్నాను."

ఆంటీ బల్ల వైపు తిరిగింది. బల్ల మీద ఎవరిదో ప్యాంటు ఉంది. దాని మడత మీద ఇస్త్రీపెట్టె ఒకసారి లాగింది, మళ్లీ అదే చోట లాగింది. తిట్టి ఉంటే బాగుండేది.

అయినా కాగితాలు పెట్టింది. పద్దెనిమిది దాటిన పిల్ల, చదువు మానేసి పనిచేసుకుంటోంది కాబట్టి కుదరదని మరుసటేడు తిరిగొచ్చాయి. తనని ఎప్పుడు పిలిపిస్తావని అడగడం ఒయూన్ ఇంక మానేసింది. ఆంటీ ఆ ఫొటో మిషను మీద నుంచి తీయలేదు.

ఆ కాగితాలు నింపింది నేనే, షాపులో, ఆంటీ పక్కన నిలబడి చెబుతుంటే. ఒక గడిలో, ఈమె మీకు ఏమవుతుంది, ఎప్పటినుంచి అని ఉంది. కూతురు, పుట్టినప్పటినుంచి అని రాయబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఒయూన్, ఆంటీ క్యాంటీన్లో గిన్నెలు కడిగిన మంగోలియా ఆవిడ కూతురు. అమ్మమ్మ ఆవిడ తల్లి. తల్లి పోయాక, పదకొండో ఏట ఆంటీ ఇంటికి వచ్చింది. యాంగ్ ఆంటీకి పిల్లలు పుట్టలేదు.