గోనె సంచి మీద పెట్టిన సంతకం

మొన్న పోస్టులో ఒక పెళ్లికార్డు వచ్చింది. మా అన్న మనవరాలి పెళ్లట, మొయినాబాద్ దగ్గర ఏదో ఫంక్షన్ హాల్లో. కార్డు తెరవకముందే, కవరు మీద నా పేరు రాసిన చేతిరాతను భూతద్దం కింద పెట్టుకుని కూర్చున్నాను. రిటైరై ఇన్నేళ్లయినా ఈ పాడు అలవాటు వదల్లేదు. సర్కారు ల్యాబులో దొంగ సంతకాలు పట్టుకునే ఉద్యోగం చేసినవాడికి ఎవరి రాత చూసినా ముందు అనుమానమే పుడుతుంది, చదవడం ఆ తర్వాతే. ఆ రాత ఏళ్ల తరబడి నాతో మాటల్లేని మా అన్నదే.

మా బాపు చేవెళ్ల మార్కెట్‌కు టమాట, ఉల్లిగడ్డ తోలే రైతు, జీవితమంతా వేలిముద్ర మనిషి. మన కాలంలో అదేం వింత కాదని మీకూ తెలుసు. కానీ నాకు ల్యాబులో ఉద్యోగం వచ్చాక, ఆయన ఎక్కడైనా బొటనవేలు సిరాలో అద్దితే నాకు తల కొట్టేసినట్టయ్యేది. రాతలు పరీక్షించే ఆఫీసరు తండ్రి నిశాని అని నలుగురూ నవ్వుతారేమోనన్న బెంగ. సెలవులకు వచ్చినప్పుడల్లా చెయ్యి పట్టుకుని పేరు దిద్దించాను. దీనికంటే ఎకరం దున్నడం నయమని నవ్వుతూనే నేర్చుకున్నాడు. నేర్చిన సంబరంలో, మార్కెట్లో చీటీలు రాసే ఆయనతో నాకొక ఉత్తరం రాయించి, కింద సంతకం తనే చేశాడు. అక్కడ బల్ల ఎక్కడిది, నిండు గోనె సంచి మీద కాగితం పెట్టి రాశాడు. సంచి అల్లిక తగిలినప్పుడల్లా పెన్ను ఎగిరింది, చివరి అక్షరం దగ్గర కాగితానికి చిన్న చిల్లు కూడా పడింది. ఆ తర్వాత నాలుగు నెలలకే బాపు పోయాడు. నేనెరిగినంతలో ఆయన పెట్టిన సంతకం అదొక్కటే.

దినాలయ్యాక అన్న ఆ ఉత్తరం అడిగాడు, ఫ్రేము కట్టించి బాపు ఫోటో పక్కన పెడతానన్నాడు. ఆఫీసులో చిన్న చీటీ అయినా నకలు తీయకుండా, రసీదు రాయించుకోకుండా చేతులు మారనివ్వని నేను, ఆ ఉత్తరాన్ని అలాగే తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టాను. నన్ను సైకిలు మీద బడిలో దింపిన అన్న దగ్గర నకలేమిటి?

ఏడాది తిరక్కుండా అక్క ఒక కాగితం జిరాక్స్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చిన్న మంగళారంలోని రెండెకరాలు అక్కకేనని బాపు అందరి ముందూ అనేవాడు. బావ పోయినప్పటి నుంచి ఆమె ఆ చేను చేసుకునే బతుకుతోంది. అక్క తెచ్చింది బాపు వీలునామాట. ఆ రెండెకరాలతో సహా భూమంతా అన్నకే రాసినట్టు, ఊరి పెద్దమనిషి ఇంట్లో బల్ల ముందు కూర్చుని బాపు సంతకం పెట్టినట్టు ఉంది. సాక్షులిద్దరూ అన్న స్నేహితులే.

భూతద్దం తీయాల్సిన పనే లేకపోయింది. బల్ల మీద పెట్టిన సంతకంలోకి గోనె సంచి అల్లిక ఎలా వస్తుంది? అవే ఎగుడుదిగుళ్లు, అవే చోట్ల ఉన్నాయి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చంగా ఒకేలా సంతకం పెట్టలేడన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆ ఉత్తరం మీద కాగితం పరిచి, వెలుతురుకు పట్టి, గీత గీతా దించారు. 

తెల్లారే అన్న ఇంటికి వెళ్లి ఉత్తరం అడిగాను. బాపు ఫోటో పక్కన ఫ్రేమూ లేదు, ఏమీ లేదు.

“చెదలు పట్టిందిరా, కాలబెట్టిన,” అన్నాడు నా మొహం చూడకుండానే. “ఇంటోని మాట కోర్టుల నడ్వదని నువ్వే చెప్తుంటివి గద.”

నిజమే, అన్నం తింటూ నా ఉద్యోగం గొప్పలు చెప్పింది నేనే, సొంతవాళ్ల కాగితాలు మేము ముట్టకూడదన్నదీ నేనే. ఆ మాటలన్నీ ఆయన ఇందుకు దాచుకున్నాడని తెలిసి ఒళ్లు మండిపోయింది. అక్క కేసు వేస్తే, కోర్టు ఆ వీలునామాను వేరే పరీక్షకుడికి పంపింది. పోల్చడానికి బాపు అసలు సంతకం ఒక్కటీ లేదు కాబట్టి, ఏమీ తేల్చలేమని కాగితాలు తిరిగొచ్చాయి. నేను బోనెక్కి ఉత్తరం సంగతి చెప్పాను. ఆ ఉత్తరమేదని అవతలి వకీలు అడిగితే లేదన్నాను. కేసు పోయింది.

“ఊరందరి దొంగ సంతకాలు పడితివి తమ్మి, నా కాడికొచ్చేసరికి చేతులెత్తేస్తివి,” అంది అక్క కోర్టు మెట్ల మీద. ఆ తర్వాత చేతనైనన్నాళ్లు చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రొట్టెలు చేసింది. ఇప్పుడు ఆలూరులో కిరాయి గదిలో ఉంటోంది. ఆమె చేను ఫామ్‌హౌస్ అయింది, గేటుకు ఎప్పుడూ తాళమే.

కవరు మీద అన్న అక్షరాలు వణికాయి. దొంగరాతలో వణుకు వేరు, వయసు తెచ్చే వణుకు వేరు. ఇది వయసుదే. నాకు మాత్రం జాలి పుట్టలేదు, పెళ్లికీ వెళ్లను.

ఈమధ్య రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాల్సి వస్తే, ఎంత చదివినవాళ్లయినా వరసగా నిలబడి మిషన్ మీద బొటనవేలు ఆనిస్తున్నారు, ఎవరికీ నామోషీ లేదు. అది చూసి అక్కడే కుర్చీలో కూలబడ్డాను. అన్న ద్రోహం ఎవరికైనా చెప్పుకోగలను. బాపు వేలిముద్రను మాత్రం అన్న ఏ వెలుతురుకు పట్టినా దించగలిగేవాడు కాదు. అక్క చేనుకు ఉన్న కాపలా ఆ బొటనవేలొక్కటే. నా పరువు కోసం దాన్ని మాన్పించింది నేను.