కోటమ్మ చేతికి కట్టిన పట్టీ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, 2022. నెల్లూరులో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి మైపాడు నుంచి కోటమ్మ వచ్చింది. రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం ఆమె పని. కుడి మణికట్టు నొప్పితో మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది.

నొప్పి మణికట్టులోనే అయినా దాని మూలం ముంజేతిలో ఉంది. వేళ్ళను ఆడించే కండరాలు మోచేతి దగ్గర మొదలవుతాయి. అవి బిగుసుకుపోతే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకతో కలిపే తాళ్ళలాంటివి, మణికట్టు దగ్గర లాగుతాయి. కండరాలు సడలేలా మసాజ్ చేసి స్ప్లింట్ కట్టాను. మణికట్టు కదలకుండా పట్టి ఉంచే పట్టీ అది. షెడ్డు పని కొన్నాళ్ళు మానమంటే మానింది. పట్టీని మాత్రం వచ్చినప్పుడల్లా సంచిలో పెట్టుకొని వచ్చేది. నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "కట్టుకోనప్పుడు ఇంత దూరం రావడం దేనికి? చెయ్యి పూర్తిగా పడిపోతే అప్పుడేం చేస్తావు?" అని కేకలేశాను.

ఆమె తల వంచుకుంది. "మా ఆయనకి పుట్టుచెవుడు మేడం. మాటా రాదు. ఊర్లో ఆయనతో మాట్లాడేది నేనొక్కదాన్నే, ఈ చేతుల్తోనే. పట్టీ కట్టుకొని పోయిన రోజు చెయ్యి ఆడించలేదు గదా, నేను అలిగినాననుకున్నాడు. అన్నం తినకుండా వలల కాడ కూర్చున్నాడు."

"ఎడం చేత్తో చెప్పొచ్చుగా?"

"సగం మాటలకి రెండు చేతులూ కావాల మేడం."

బళ్ళో నేర్చుకున్న సైగలు కావవి. కాపరంలో ఇద్దరూ కల్పించుకున్నవి. నా కోపమంతా చప్పున చల్లారిపోయింది. చెయ్యి కదిలితే ఆమెకు నొప్పి పోదు, కదలకపోతే అతనికి పలకరించే దిక్కుండదు. చాలా బాధనిపించింది.

మళ్ళీ వచ్చేటప్పుడు భర్త పోలయ్యను వెంటబెట్టుకు రమ్మన్నాను. పట్టీ పడుకునేటప్పుడూ ఇంటి పనప్పుడూ చాలన్నాను. అతనితో మాట్లాడేటప్పుడు తీసేయొచ్చు. బదులుగా రోజూ సాయంత్రం అతను ఆమె ముంజేతికి మసాజ్ చెయ్యాలి.

ఆసారి ఇద్దరూ వచ్చారు. వలలు లాగిన చేతులు అతనివి. మొదటి ఒత్తుకే కోటమ్మ కెవ్వుమంది. అరుపు వినపడకపోయినా ఆమె మొహం చూసి బెదిరిపోయాడు, ఇంక ముట్టుకోనని తల అడ్డంగా ఊపేశాడు. నేను నా ముంజెయ్యి చాపి అతని బొటనవేలు పెట్టించుకున్నాను. బరువెక్కువైతే మొహం చిట్లిస్తూ, సరిపోతే తలూపుతూ, మోచేతి నుంచి మణికట్టు దాకా నెమ్మదిగా నేర్పాను. అప్పుడు భార్య చెయ్యి తీసుకొని ఒళ్ళో పెట్టుకున్నాడు.

కొన్ని వారాలకు కోటమ్మ ఒక్కతే వచ్చి, నీళ్ళ బాటిల్ మూత కుడిచేత్తో తిప్పి చూపించింది.

"ఇంక రోజూ మసాజ్ అక్కర్లేదు" అన్నాను.

"ఆ మాట ఆయనకి తెలీనియ్యబాకండి మేడం. ఇన్నాళ్ళూ అన్నీ నేనే ఆయనకి చేసినాను. ఇప్పుడు ఆయన నాకు చేస్తన్నాడు. ఆ కాసేపు చేతులు ఖాళీ లేక ఇద్దరికీ మాటలుండవు. అయినా ఆయన మొహంలో దిగులుండదు."

ఇప్పుడు ఎవరికి స్ప్లింట్ కట్టాలన్నా ముందు ఒకటి అడుగుతాను: "ఈ చెయ్యి కదలకపోతే ఇంట్లో ఎవరికి కష్టం?" జవాబు వచ్చేదాకా పట్టీ బల్ల మీదే ఉంటుంది.