మన్నుకిచ్చి చూడు

ఆకు అడిగితే ఆకే ఇవ్వడానికి వీళ్లకేం కష్టమో! పైన మోదుగాకు, కింద ప్లాస్టిక్ పొర. సుల్తాన్ బజార్ అంతా తిరిగినా అవే విస్తర్లు. చిక్కడపల్లిలో మేం కిరాయికుంటున్న ఇంటి ఓనరమ్మ ఈమధ్యే నిద్రలో పోయింది. బతికుండగా ఆమె చెప్పిపెట్టింది ఒక్కటే: తన దినం భోజనాల్లో మట్టిలో కలవని వస్తువేదీ వాడొద్దని. ఆ పని నా నెత్తిన పడింది.

డాబా మీద ఆమెకు చాలా కుండీలుండేవి. పూసేవి తక్కువ, పాతిపెట్టినవి ఎక్కువ. మిఠాయి దుకాణంలో ‘మట్టిలో కలిసిపోయే సంచి’ అని రాసున్నది ఇస్తే, దాన్ని కుండీలో పాతి, గుర్తుకు చీపురుపుల్ల గుచ్చింది.

“రాసుడు ఎవలైన రాస్తరు. మన్నుకిచ్చి చూడు, అదే చెప్తది.”

వానలు పోయాక తవ్వితే సంచి పేలికలైంది. కలిసిపోయిందని నేను సంబరపడ్డాను. ఆమె ఒక పేలికను కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసింది.

“ముక్కలైంది బిడ్డా, మన్ను కాలే. పక్కన నారింజ తొక్క పెట్టిన గద, ఏడున్నదో చూపియ్యి.”

అక్కడ పుల్ల ఒక్కటే నిలబడి ఉంది.

నేను గొప్పగా కొన్న వెదురు టూత్‌బ్రష్షునూ వదల్లేదు. చాన్నాళ్లకు తీస్తే కర్ర మెత్తబడి విరిగిపోయింది, కుచ్చు మాత్రం కొత్తదానిలా ఉంది. “బ్రష్షు పోయింది, మీసం మిగిలింది” అని నవ్వింది.

ఆమె కొడుకు మంచివాడే, ఓపికే తక్కువ. దినానికి ఆకుల కోసం నేను తిరుగుతుంటే, “గింత పరేషాన్ ఎందుకన్నా? ఎవరు చూస్తరు?” అన్నాడు.

“కుండీలు చూస్తయి” అన్నాను.

“సరే. ఆకులు తక్కువైతే మాత్రం ప్లాస్టిక్ ప్లేట్లే తెప్పిస్త, ముందే చెప్తున్న.”

నారాయణగూడ మార్కెట్‌లో ఎలాగో ఉత్త మోదుగాకులు దొరికాయి. ఊరి బడికి పోయిన రోజుల్లో చదువు కంటే నాకు బాగా వచ్చింది విస్తరి కుట్టడమే. నిన్నంతా నేనూ మా ఆవిడా కూర్చుని కుట్టాం. చారు కారుతోంది, ఒప్పుకుంటాను. ఆమె ఉంటే “చారు గూడ మన్నుకే ఇస్తున్నవా?” అనేది.

ఇప్పుడే మొదటి బంతి లేచింది. తిన్న విస్తరి ఒకటి డాబా మీదికి తెచ్చి ఆమె కుండీలో పాతాను. వానలు పోయాక తవ్వి చూడాలి. ఏమీ కనబడకపోతే, ఆ సంగతి చెప్పడానికి పక్కన ఆమె...

“అన్నా! ఇంకో బంతి కూసున్నది, ఆకులేవి?”

“ప్లేట్లు తేకు తమ్మీ, ఇంకో కట్ట ఉన్నది! వస్తున్న, ఈ ఒక్క పుల్ల గుచ్చి”